జాయింట్ బిట్

తెల్లాపూర్,
2 ఫిబ్రవరి 2025.

ఓబులేసు అన్నకు,

ఫోన్లో నీ నంబరు నేనే ఆపేశాను కాబట్టి కాగితం మీద రాయాల్సి వస్తోంది. కోకాపేటలో నీ ఇంటికీ తెల్లాపూర్‌లో నా ఇంటికీ మధ్య పావుగంట దారి. ఆ పావుగంట కారు నడిపి వచ్చి నీ ముఖం చూసే ఓపిక నాకు లేదు. నీ డ్రైవర్ మహేశ్ నీలాంటివాడు కాదు, మర్యాదస్తుడు. అతని చేతికే ఈ జాబు ఇస్తున్నాను.

మొన్న మీ అపార్ట్‌మెంటు లిఫ్టు దగ్గర నలుగురి ముందు నువ్వన్న మాట మళ్లీ రాస్తున్నాను, అనలేదని బుకాయిస్తావేమోనని. "నా బిడ్డ ఎముక ఇరగ్గొట్టింది గుర్రం గాదు, నువ్వు" అన్నావు. వర్షిత నీకు కూతురైతే నాకు మేనకోడలు. అది గుర్రం మీంచి పడిన రోజు నువ్వు సైటు మీటింగులో ఉన్నావు. ఆసుపత్రిలో దాని చెయ్యి పట్టుకుని కూర్చున్నది నేను. ఆ సంగతి నువ్వు లిఫ్టు దగ్గర ఎవరికీ చెప్పలేదు.

ఉలవను కొన్నది ఎవరు? నువ్వు. కొత్తగూడలో పెళ్లి బరాత్‌లకు గుర్రాలు తిప్పే వీరేశం దగ్గర, కూతురి పుట్టినరోజని, నోరు కూడా తెరిపించి చూడకుండా మోటారు పంపు కొన్నట్టు కొన్నావు. రంగు ఉలవల్లా ఉందని దానికి ఆ పేరు వర్షిత పెట్టింది. మన ఇద్దరి స్థలంలో షెడ్డు వేసి కట్టేసి, "ఎక్కి తిరుగు తల్లీ" అని నువ్వు వెళ్లిపోయావు.

అది వచ్చినప్పుడు దాని నోట్లో ఏముందో నీకు తెలుసా? గుర్రం నోట్లో అడ్డంగా పెట్టే ఇనుప కడ్డీని మా రైడింగ్ క్లబ్బులో బిట్ అంటారు. నువ్వు తలపట్టీ, పగ్గం, కడ్డీ అన్నీ కలిపి కళ్లెం అంటావు. అందులో నోట్లోకి వెళ్లేది బిట్ ఒక్కటే, నొప్పి పెట్టేదీ అదే. వీరేశం వేసిన బిట్‌కు ముళ్లున్నాయి. నేను దాన్ని తీసి జాయింట్ బిట్ వేశాను. అంటే రెండు చిన్న కడ్డీలను మధ్యలో కొక్కెంలా కలిపినది. క్లబ్బులో సగం గుర్రాలకు అదే వేస్తారు. ఉలవకు అది పనికిరాలేదు. అది నేను ఎంచుకోవడంలో చేసిన పొరపాటు. నువ్వు అరవకుండా ఉండుంటే ఆ రోజే ఒప్పుకునేదాన్ని.

గుర్రాల డాక్టర్ని పిలిపించి నోరు చూపించాను. నాలుక లావు, అంగిలి బాగా కిందికి ఉంది. నాలుక మీద ముళ్లు గుచ్చిన పాత మచ్చలున్నాయి. పగ్గం లాగినప్పుడల్లా బిట్ మధ్యలోని జాయింటు గుడారంలా లేచి అంగిలికి పొడుచుకుంటోంది. ఆ నొప్పికి అది తల ఎగరేసింది. వర్షిత భయపడి ఇంకా లాగింది. అది ఇంకా ఎగరేసింది. నువ్వు దాన్ని పొగరంటున్నావు. అది పొగరు కాదు.

అందుకని జాయింట్ లేని బిట్ తెప్పిస్తున్నాను. నెలాఖరు దాకా ఆగు. ఉలవను వీరేశానికి తిరిగి ఇవ్వకు. ఇస్తే మొదటి గంటలోనే ఆ ముళ్లది మళ్లీ ఎక్కిస్తాడు. నిన్ను ఇంకేదీ అడగడం లేదు, ఇదొక్కటే అడుగుతున్నాను.

ఇంకొక్క మాట. బిట్ ఏదైనా చివరికి పగ్గం పట్టే చెయ్యే ముఖ్యమని డాక్టరు అన్నాడు. మా ఆయన గిరీష్‌ది బరువు చెయ్యి, నాది కంగారు చెయ్యి. చిన్నప్పుడు తాడిపత్రి దారిలో ఎద్దుల బండి మీద నన్ను ఒళ్లో కూర్చోబెట్టుకుని, "పగ్గం వదులు చెయ్ పాపా, ఎద్దుకు దావ తెలుసు" అన్నది నువ్వే. అంత మెత్తటి చెయ్యి నేను మళ్లీ ఎవరి దగ్గరా చూడలేదు. వచ్చే ఆదివారం పొద్దున వచ్చి నువ్వు పట్టుకో అన్నా.

ఇట్లు,
కోపం మాత్రం తగ్గని
సుష్మ


కోకాపేట,
4 ఫిబ్రవరి 2025.

సుష్మకు,

మహేశ్ నీ కవరు తెచ్చి ఇచ్చాడు. విప్పలేదు. పైన నీ చేతిరాత చూడగానే బీపీ పెరిగింది. కారు డాష్‌బోర్డులో పడేశాను. నువ్వేం రాసుంటావో నాకు తెలియదా? ఆవలిస్తే పేగులు లెక్కపెట్టేవాణ్ణి. తప్పు గుర్రానిది కాదు, నీది అసలే కాదు, కళ్లెందే అని రాసుంటావు. ఆడలేక మద్దెల ఓడు అన్నదట నీలాంటిదే ఒకతె.

వర్షిత కుడిచెయ్యి మెడకు వేలాడదీసుకుని కూర్చుంది. నేను అన్నం కలిపి ముద్దలు పెడుతున్నాను. ఆ ముద్ద నోట్లో ఉండగానే "ఉలవ తింటోందా నాన్నా?" అని అడుగుతుంది గానీ, నాన్న తిన్నాడా అని అడగదు. ఇది కూడా నీ పెంపకమే. వారానికి నాలుగు రోజులు మేనత్త ఇంట్లో ఉంటే మేనత్త బుద్ధులే వస్తాయి.

వీరేశం నాకు మొదటి రోజే చెప్పాడు. "సార్, గీ గుర్రం జర తేడా ఉంటది. లగాం గట్టిగుంటెనే ఇంటది. మెత్తగ చేసిండ్రంటే నెత్తికెక్కుతది" అన్నాడు. గుర్రాలతో బతికే మనిషి మాట అది. నువ్వేమో ల్యాప్‌టాప్‌లో వీడియోలు చూసి, ఉన్న కళ్లెం తీసి మెత్తది వేశావు. వారం తిరక్కుండా బిడ్డ నేల మీద పడింది. దానికి నేను ఏ పేరు పెట్టాలో నువ్వే చెప్పు.

అయినా నేను నీలా మొండివాణ్ణి కాదు. నెలాఖరు దాకా ఆగమని వర్షిత అంటోంది, చూస్తాను. ఆలోపల గుర్రం మనిషి మాట వింటే సరి, వినకపోతే వీరేశానికి ఇచ్చేస్తాను. గుర్రం నా పేరు మీద ఉంది, దాని బిల్లు కూడా నా దగ్గరే ఉంది.

ఇంకో సంగతి, షెడ్డు వేసిన మన తెల్లాపూర్ స్థలం బిట్టు. నాన్న మన ఇద్దరి పేరా జాయింటుగా పెట్టిపోయిన ఆస్తి అని, డెవలప్‌మెంటుకు ఇద్దామంటే రెండేళ్లుగా నీ సంతకం కోసం కాచుకుని కూర్చున్నాను. చుట్టూ గేటెడ్ కమ్యూనిటీలు లేచాయి. మన బిట్టులో మాత్రం గుర్రపు లద్దె లేచింది. ఇరవై ఏళ్లుగా బిట్లు కొని అమ్మి బతికినవాణ్ణి, ఆ బిట్టు విలువ నాకు తెలిసినట్టు నీకు తెలియదు. నన్ను అడగకుండా దాని జోలికి వెళ్లావంటే నేను నీకు అన్నను కాను.

ఇట్లు,
ఇంకా అన్ననే అయిన
ఓబులేసు


తెల్లాపూర్,
10 ఫిబ్రవరి 2025.

అన్నా,

విప్పలేదన్నావు. అబద్ధం. విప్పకపోతే నేను కళ్లెం సంగతి రాశానని నీకెలా తెలిసింది? పేగులు లెక్కపెట్టావా? చదివి చదవలేదనడం నీకు కొత్త కాదు. నా పెళ్లికి ముందు గిరీష్ వాళ్లు రాసిన ఉత్తరాన్ని కూడా అలాగే చదవలేదన్నావు. కాబట్టి మొదటి నుంచి మళ్లీ వివరించను. చదివినవాడికి నాలుగు ముక్కలు చాలు.

జాయింట్ బిట్ తీసేశాను. మధ్యలో ఆ జాయింటు ఉన్నంతకాలం బాధే తప్ప సుఖం లేదని నీకు రాసే ఉన్నాను. దాని బదులు సింగిల్ బిట్ తీసుకున్నాను. ఒకటే ముక్క, చిన్న వంపు ఉంది తప్ప ఎక్కడా అతుకు లేదు. కొలతలు నేనే దగ్గరుండి వేయించాను. గిరీష్ కూడా చూసి బాగుందన్నాడు. ఖర్చు మాది. నీ సంతకం, నీ అనుమతి నాకు అక్కర్లేదు.

ఉలవ నాలుగు రోజులుగా తల ఎగరేయడం లేదు. నిన్న నేనే ఎక్కి గేటు దాకా వెళ్లి వచ్చాను. మొదట చెవులు వెనక్కి పెట్టి, ఎప్పుడు పొడుస్తుందా అని ఎదురుచూసింది పాపం. పొడవకపోయేసరికి తాంబూలం నమిలే ముసలమ్మలా నోరు ఆడించడం మొదలుపెట్టింది. పెదవుల దగ్గర తెల్లటి నురగ వచ్చింది. అది మంచి లక్షణం అన్నాడు డాక్టరు. నీ గడువు ఇంకా ఉంది, నా పని అప్పుడే అయిపోయింది.

మా ఆఫీసువాళ్లు హైటెక్ సిటీకి వారానికి మూడు రోజులు వచ్చి తీరాలని మాకూ కళ్లెం బిగించారు. మంగళ, బుధ, గురువారాలు నేను ఇంట్లో ఉండను. నేను లేనప్పుడు నీ మనుషుల్ని షెడ్డు దగ్గరికి పంపి దాన్ని బెదరగొట్టించకు.

వర్షితను పంపు. ఎక్కించను. ఊరికే చూసి వెళ్తుంది.

ఇట్లు,
నీకు చెల్లెలైన పాపానికి
సుష్మ


కోకాపేట,
13 ఫిబ్రవరి 2025.

శ్రీమతి సుష్మ గారికి,

తమరి జాబు అందింది. ఈసారి విప్పాను, విప్పి మంచి పని చేశాను. గుర్రం కబుర్ల మధ్య బిట్టు సంగతి ఇరికించి రాస్తే ఈ పల్లెటూరి అన్న గమనించడని తమరు అనుకున్నారేమో.

జాయింటు బిట్టు తీసేశావా? నాన్న ఇచ్చిన దాన్ని? జాయింటు ఉన్నంతకాలం బాధే తప్ప సుఖం లేదా? నాతో జాయింటుగా ఉండడం నీకు అంత బాధయిందా? కొలతలు దగ్గరుండి వేయించావట! నాకు తెలియకుండా ఏ సర్వేయరు వచ్చి గొలుసు లాగాడు?

మా లాయరు కామేశ్వరరావును పరుగెత్తించి ఆన్‌లైన్లో చూపించాను. ఇంకా మన ఇద్దరి పేర్లే ఉన్నాయి. "చేతికాగితం మీద అగ్రిమెంటు చేసేసుకుని ఉంటారండి. రిజిస్ట్రేషన్ దాకా ఇంకా రాలేదండి. అక్కడే ఆపాలండి" అన్నాడు. ఆపుతాను. నోటీసు తయారవుతోంది.

ఇక నువ్వు తీసుకున్న సింగిల్ బిట్టు. ఎక్కడ? మోకిలలోనా, శంకర్‌పల్లిలోనా? చిన్న వంపు ఉందట! వంపు ఉన్న బిట్టును కళ్లున్నవాడెవడైనా కొంటాడా? ఏ మూల పెరిగిందో, ఏ మూల తగ్గిందో చూశావా? గిరీష్ బాగుందన్నాడట. కంప్యూటర్లో కోడు రాసుకునే మనిషికి నేల సంగతి ఏం తెలుసు? నన్ను ఒక్క మాట అడిగుంటే నేనే దగ్గరుండి నిక్కమైన బిట్టు ఇప్పించేవాణ్ణి. నా చెల్లెలికి వంపు బిట్టు అంటగట్టినవాడెవడో తెలిస్తే వాణ్ణి ఊరికే వదలను. ఆ పని అయ్యాక నిన్నూ వదలను.

ఒక మాట మాత్రం నిజం రాశావు, నా అనుమతి నీకు అక్కర్లేదని. నాకూ నీ అనుమతి అక్కర్లేదు. నిన్న బుధవారం నువ్వు ఆఫీసులో ఉండగా వీరేశాన్ని పిలిపించి గుర్రాన్ని అప్పజెప్పాను. అతను బండి తెచ్చుకున్నాడు, తన లగాం తెచ్చుకున్నాడు. గోడకు నువ్వు వేలాడదీసిన కళ్లెం నీకే ఉంచాను. వర్షితకు ఇంకా చెప్పలేదు. చెప్పాల్సి వచ్చినప్పుడు మీ అత్త చేసిన పని వల్లే అని చెప్తాను.

ఇట్లు,
తోడబుట్టినదాని చేతిలో మోసపోయిన
ఓబులేసు


తెల్లాపూర్,
14 ఫిబ్రవరి 2025.

ఓబులేసు గారికి,

ఈ కవరుతో పాటు ఒక పొట్లం పంపుతున్నాను. నిదానంగా విప్పు, కాలి మీద పడుతుంది. నేను తీసేసిన జాయింట్ బిట్ అదే. సర్వేయరును పిలిపించి కొలిపించుకో. ఈ చివరి నుంచి ఆ చివరికి ఐదంగుళాలు. మధ్యలో కొక్కెం ఉంది చూడు, అదే జాయింటు. తూర్పు ఎటో పడమర ఎటో కామేశ్వరరావు తేలుస్తాడు. నా వాటా రెండున్నర అంగుళాలు కూడా నీకే వదిలేస్తున్నాను. ఏ కాగితం మీద చూపిస్తే ఆ కాగితం మీద సంతకం పెడతాను.

సింగిల్ బిట్ మోకిలలో లేదు, శంకర్‌పల్లిలో లేదు. షెడ్డు గోడకు వేలాడుతోంది. నువ్వు దాన్ని చూశావు కూడా, నాకే ఉంచానని రాశావు. ఆ వంపు నాలుకకు చోటివ్వడానికి.

నాకు నవ్వు రావాలి. రావడం లేదు. బిట్ అంటే గుర్రం నోట్లో పెట్టేదని నీకు రెండో తారీఖు జాబులోనే రాశాను. అంటే నువ్వు నిజంగానే విప్పలేదన్నమాట. నువ్వు నిజం చెప్పిన ఒకే ఒక్కసారి నేను నమ్మలేదు. దానికి శిక్ష ఆ నోరులేని జీవానికి పడింది.

బుధవారం సాయంత్రం ఆఫీసు నుంచి నేరుగా షెడ్డుకు వెళ్లాను. సగం తిన్న గడ్డి, తిరగబడిన బకెట్టు ఉన్నాయి. దొంగలెత్తుకెళ్లారనుకుని పోలీసులకు ఫోన్ చేయబోయాను. వాచ్‌మన్ చెప్పాడు, అన్నగారే దగ్గరుండి ఎక్కించారని.

నిన్న కొత్తగూడ వెళ్లి వీరేశాన్ని బతిమాలాను. ఎంత కావాలన్నా ఇస్తానన్నాను. "మేడం, మీరు పరేషాన్ గాకుండ్రి. సార్ ఇచ్చిండు, సారే వచ్చి అడిగితే ఇస్త. మీ అన్నాచెల్లెండ్ల పంచాయితిల నేనెందుకు పడాలె? మాఘం ముహూర్తాలున్నయ్, ఐతారం పొద్దుగాల బరాత్ ఉన్నది" అన్నాడు. రేకుల సందులోంచి దాన్ని చూశాను. నన్ను చూసి ఎప్పటిలా సకిలించలేదు. నోరు బిగించుకుని గోడవైపు తిరిగి నిలబడింది. పెదవుల దగ్గర నురగ ఉంది. తెల్లగా లేదు.

నువ్వు వెళ్లి తీసుకురా. మహేశ్ కాదు, లాయరు కాదు, నువ్వు వెళ్లు. ఎద్దు పుండు కాకికి ముద్దన్నట్టు నీకు దాని నొప్పి పట్టదని నాకు తెలుసు. నా కోసం వెళ్లొద్దు. వర్షితకు నేనే అంతా చెప్పాను. అది ఏడవలేదు. "నాన్నే తీసుకొస్తాడు చూడు అత్తా" అంది. నాకు ఆ నమ్మకం లేదు. దాని నమ్మకం నిలుపుకుంటావో పోగొట్టుకుంటావో నీ ఇష్టం.

ఇట్లు,
నీకిక ఏమీ కాని
సుష్మ


కోకాపేట,
17 ఫిబ్రవరి 2025.

సుష్మకు,

పొట్లం నా కాలి మీదే పడింది. బొటనవేలు వాచింది, సంతోషించు.

ఆఫీసులో అందరి ముందూ విప్పాను. కామేశ్వరరావు కళ్లద్దాలు పైకి నెట్టుకుని దాన్ని తిప్పి తిప్పి చూసి, "ఇదేంటండీ, డ్రైనేజీ మూత తాలూకు గొళ్లెమాండీ?" అన్నాడు. నీ జాబు మడిచి జేబులో పెట్టుకున్నాను. ఇరవై ఏళ్లుగా బిట్టు బిట్టు అంటూ బతికినవాడికి లోకంలో ఇంకో బిట్టు ఉంటుందని ఎలా తెలుస్తుంది? తెలుగుదానివై పుట్టి కళ్లెం అని రాస్తే నీ చేతులు పడిపోతాయా? ఇందులో సగం తప్పు నీది. ఆ సగం నేను మోయను.

ఆదివారం పొద్దున కొత్తగూడ వెళ్లాను. నేను వెళ్లేసరికి బరాత్ బయలుదేరిపోయింది. ఫ్లైఓవర్ కింద డీజే బండి వెనకాల ఉలవ కనిపించింది. తల మీద కుచ్చులు, ఒంటి మీద జరీ గుడ్డ, పైన పాగా కట్టుకున్న పెళ్లికొడుకు. పాటకు తగ్గట్టు గుర్రం ముందుకాళ్లు ఎత్తి ఎగురుతోందని జనం ఈలలు వేస్తున్నారు. గుర్రం డాన్సు నేనూ ఎన్ని పెళ్లిళ్లలో చూశానో! చూసి చప్పట్లు కొట్టినవాణ్ణే. ఈసారి దగ్గరికి వెళ్లాను. వీరేశం పగ్గాన్ని కిందికి గుంజుతున్నాడు. గుంజినప్పుడల్లా అది నొప్పికి పైకి లేస్తోంది. డప్పు దెబ్బకు సరిగ్గా గుంజుతున్నాడు కాబట్టి జనానికి అది డాన్సులా ఉంది. నురగ ఎర్రగా ఉంది.

ఆపమన్నాను. "సార్, మీరే కదా ఇచ్చిండ్రు! ఇగ నడిమిట్ల ఆపితే పెండ్లోళ్లు నన్ను తంతరు" అన్నాడు. "నన్ను తన్నమను" అని ఎదురుగా నిలబడ్డాను. పెళ్లికొడుకు మేనమామ ఒకాయన నా చొక్కా పట్టుకున్నాడు. "ఏంది పెద్దమనిషీ, శుభమా అని పోతుంటే గీ లొల్లి ఏంది? తాగినవా?" అన్నాడు. నా వయసుకు, నా హోదాకు రోడ్డు మీద ఆ మాట పడ్డాను. అప్పుడు పైనుంచి పెళ్లికొడుకు, పేరు లోహిత్ అట, సాఫ్ట్‌వేర్ పిల్లాడు, "మామా, ఆయన్నేం అనకు. ముందు నన్ను దింపుండ్రి. ఎక్కినప్పటి సంది పానం గుప్పిట్ల పెట్టుకొని కూసున్న" అన్నాడు. నా కారు ఇచ్చేశాను. పైకప్పు తెరిస్తే పెళ్లికొడుకు అందులోంచి ఛాతీ దాకా లేచి చేతులూపాడు. డీజే మళ్లీ మొదలైంది. జనానికి ఇదే ఎక్కువ నచ్చింది.

వీరేశం చేతే ఆ లగాం విప్పించాను. కడ్డీని చేతిలోకి తీసుకుంటే ముల్లు దిగి వేలికి రక్తం వచ్చింది. నాది వేలు, దానిది నాలుక. నోరు తెరిచి చూశాను. ఇంకేమీ రాయను, నువ్వూ అడగకు. వీరేశంతో పోట్లాడదామనుకున్నాను. "సార్, గట్టి లగాం ఉండాలె అంటే మీరే తలకాయ ఊపిండ్రు గదా" అన్నాడు. నిజమే, ఊపాను.

వాడి ట్రాలీ ఎక్కమంటే అది ఎక్కలేదు. మహేశ్ పెళ్లికొడుకుతో వెళ్లిపోయాడు. పందిరి కట్టగా మిగిలిన నూలు తాడు అడుక్కుని, నోటికి తగలకుండా తలకు వేసి నడిపించుకుంటూ బయలుదేరాను. కొండాపూర్, మసీదుబండ, నల్లగండ్ల మీదుగా తెల్లాపూర్ దాకా, వాచిన బొటనవేలుతో, ఎండలో. తెల్లచొక్కా, చేతికి ఉంగరాలు, పక్కన జరీ గుడ్డ కప్పుకున్న గుర్రం. ఒక ఆటోవాడు "సార్, పెండ్లికొడుకు పారిపోయిండా?" అని అడిగాడు. నల్లగండ్ల దగ్గర నా వెంచరులో ప్లాటు కొన్న మనిషి కారు ఆపి సెల్ఫీ దిగాడు. మొదట్లో ఎక్కడ తప్పించుకుపోతుందోనని తాడు బిగించి పట్టుకున్నాను. అది కదలలేదు. విసుగొచ్చి వదులు చేశాను. నడిచింది. ఆపైన దానికే దారి తెలుసు, నేను పక్కన నడిచానంతే.

షెడ్డులో కట్టేసి నీళ్లు పెట్టాను. నీ ఇంటి తలుపు తీసే ఉంది, అయినా రాలేదు. లిఫ్టు దగ్గర అన్న మాట వెనక్కి తీసుకోను, మళ్లీ అనను. నోటీసు ఆపించాను. నేల బిట్టు సంగతి తర్వాత తీరిగ్గా కొట్లాడుకుందాం. నీ నోటి బిట్టును మాత్రం ఇప్పుడే దానికి వేయకు, ముందు పుండు మాననీ. ఇది బతిమాలడం కాదు. గుర్రం నాది కాబట్టి చెప్తున్నాను.

కారు ఈ రోజు పొద్దున తిరిగొచ్చింది, ముందు బంతిపూల దండ, సీట్ల నిండా అక్షింతలు. డాష్‌బోర్డులో నీ మొదటి జాబు అలాగే ఉంది. ఇక దాన్ని విప్పాల్సిన పని లేదు. అందులో నువ్వు రాసిందంతా దాని నోట్లో చూసి వచ్చాను.

ఇట్లు,
ఓబులేసు


తెల్లాపూర్,
18 ఫిబ్రవరి 2025.

అన్నా,

డాక్టరు వచ్చి వెళ్లాడు. వేసవి దాటేదాకా దాని నోట్లో ఏ ఇనుమూ పెట్టవద్దన్నాడు. ముళ్లదీ వద్దు, జాయింటుదీ వద్దు, నేను అంత వెతికి తెచ్చిన సింగిల్ బిట్ కూడా వద్దట. కదిలించాలంటే నువ్వు వేసినట్టే తలకు తాడు వేసి నడిపించమన్నాడు.

వర్షిత వచ్చి ఎడమచేత్తో దానికి దాణా పెట్టింది. నాతో సరిగ్గా మాట్లాడలేదు. మనిద్దరి మీదా కోపంగా ఉందట. వెళ్తూ వెళ్తూ నూలు తాడును తీసి గోడకు, బిట్ పక్కన, వేలాడదీసింది.

నీ నంబరు ఇంకా ఆపే ఉంచాను. నువ్వు చేసింది చిన్నది కాదు, అంత తొందరగా పోయే కోపమూ కాదు.

కానీ ఆ జాబు విప్పు. చాలావరకు నువ్వు చూసిందే ఉంటుంది. ఆఖరి పేరా మాత్రం దాని నోట్లో లేదు.

ఇట్లు,
పాప